చీటీ కోసం ఆగితే గడియారం ఆగదు

శనివారం రాత్రి పదిన్నర. కాళేశ్వరంలో ఓ ఇల్లు. మొదటి బిడ్డకు, రెండో బిడ్డకు మధ్య ఎడం ఉండాలని కండోమ్ వాడుకుంటున్న దంపతులు. ఆ రాత్రి అది చిరిగింది. ఇది ఊహించి చెబుతున్న సంగతే. కానీ ఏ ఊళ్లోనైనా, ఏ ఇంట్లోనైనా జరిగేదే.

ఇప్పుడు ఆమె ముందున్న దారులేంటో చూద్దాం. తెల్లారితే ఆదివారం, ఓపీ ఉండదు. సోమవారం మహదేవపూర్ దవాఖానకు వెళ్లాలంటే ఆటోనో బస్సో పట్టుకోవాలి. ఆడ డాక్టర్‌కే చూపించుకుంటానంటే భూపాలపల్లి దాకా, యాభై కిలోమీటర్లకు పైనే ప్రయాణం. ఆ రోజు పని మానుకోవాలి, చంటిబిడ్డను ఎవరికైనా అప్పగించాలి, అత్తగారికి ఏం చెప్పి బయల్దేరాలో ఆలోచించుకోవాలి. ఇవన్నీ సర్దుకుని డాక్టర్ ఎదుట కూర్చునేసరికి తక్కువలో తక్కువ 36 గంటలు గడిచిపోతాయి. అదే, ఆదివారం పొద్దున తొమ్మిదిన్నరకు భర్త మెడికల్ షాపుకు వెళ్లి మాత్ర తెస్తే 11 గంటల్లోనే వేసుకోవచ్చు.

అత్యవసర గర్భనిరోధక మాత్ర విషయంలో ఈ 11కూ 36కూ మధ్య తేడా చిన్నదేం కాదు. ప్రపంచ ఆరోగ్య సంస్థ ఆధ్వర్యంలో జరిగి 1998లో ‘లాన్సెట్’లో వెలువడిన పెద్ద అధ్యయనంలో లీవోనార్జెస్ట్రెల్ మాత్రను 24 గంటల్లోపు వేసుకున్నప్పుడు, రావాల్సిన గర్భాల్లో 95 శాతం ఆగాయి. 25 నుంచి 48 గంటల మధ్య వేసుకుంటే 85 శాతం. 49 నుంచి 72 గంటల మధ్య అయితే 58 శాతమే. ఈ తగ్గుదల మరీ ఇంత నిటారుగా ఉండదని తర్వాతి పరిశీలనలు చెప్పినా, ఎంత తొందరగా వేసుకుంటే అంత మేలన్న మాట మాత్రం మారలేదు.

అయినా ఈ మాత్రను డాక్టర్ చీటీ లేకుండా అమ్మడం మన వైద్యుల్లో చాలామందికి ఇష్టం లేదు. ఇరవై ఏళ్లుగా ఈ వాదన సాగుతూనే ఉంది. 2024లో వీటిని మళ్లీ చీటీ పరిధిలోకి తెస్తారంటూ వార్తలు వచ్చాయి. నిబంధనల్లో మార్పేమీ లేదని కేంద్రం వివరణ ఇవ్వాల్సి వచ్చింది. వైద్యుల అయిష్టానికి కారణాలేంటి? అందులో వైద్యం ఎంత, తీర్పు ఎంత?

డాక్టర్లే తెచ్చిన మాత్ర

ఈ మాత్ర మన దేశంలోకి దొడ్డిదారిన రాలేదు. వైద్యులే తెచ్చారు. 2001 జనవరిలో ఢిల్లీ ఎయిమ్స్‌లో నిపుణులంతా కూర్చుని అత్యవసర గర్భనిరోధంపై జాతీయ స్థాయిలో ఓ ఏకాభిప్రాయానికి వచ్చారు. ఆ తర్వాతే ఇది కుటుంబ నియంత్రణ కార్యక్రమంలో చేరింది. 2005లో చీటీ అవసరం లేని మందుల వరుసలోకి వచ్చింది. మొదట్లో 0.75 మిల్లీగ్రాముల మాత్రలు రెండు, 12 గంటల తేడాతో వేసుకోవాల్సి వచ్చేది. ఇప్పుడు 1.5 మిల్లీగ్రాముల మాత్ర ఒక్కటే.

గొడవ మొదలైంది 2007 తర్వాత. సిప్లా ‘ఐ-పిల్’, మ్యాన్‌కైండ్ ‘అన్‌వాంటెడ్-72’ మార్కెట్లోకి వచ్చి, టీవీల్లో ప్రకటనలు హోరెత్తాయి. ఐ-పిల్ ఎంతగా అమ్ముడైందంటే 2010లో ఆ బ్రాండును పిరమల్ సంస్థ 95 కోట్ల రూపాయలు పెట్టి కొనుక్కుంది. ఆ ప్రకటనలు చూసినవారికి గుర్తుండే ఉంటుంది: పొరపాటు జరిగిందా, మాత్ర వేసుకో, చింత వదులుకో అన్న ధోరణి. ఎవరు వేసుకోవాలి, ఎప్పుడు పనిచేయదు, ఆ తర్వాత ఏం చేయాలి అన్నవి ముప్పై సెకన్లలో ఎక్కడ పడతాయి? డాక్టర్లకు కోపం వచ్చింది ముందుగా ఈ ప్రకటనల మీద. ఆ కోపంలో న్యాయం ఉంది. అయితే అది క్రమంగా మాత్ర మీదికి, అక్కడి నుంచి మాత్ర కొనే ఆడపిల్ల మీదికి మళ్లింది.

వైద్యుల అభ్యంతరాలు

గైనకాలజిస్టుల ఓపీలో తరచూ వినిపించే మొదటి ఫిర్యాదు: దీన్ని రోజువారీ మాత్రలా వాడేస్తున్నారని. నెలకు రెండు మూడుసార్లు వేసుకుని, నెలసరి గాడి తప్పి, రక్తస్రావం ఎప్పుడు మొదలవుతుందో ఎప్పుడు ఆగుతుందో తెలియక వచ్చేవారు ఉంటారు. ఇది నిజమైన సమస్యే. తెలంగాణలో 15 నుంచి 49 ఏళ్ల మహిళల్లో 57.6 శాతం మందికి రక్తహీనత ఉందని ఐదో జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే చెబుతోంది. అసలే రక్తం తక్కువ ఉన్న మనిషికి నెలసరి పదేపదే అదుపు తప్పితే డాక్టర్ కంగారు పడటంలో తప్పు లేదు.

కానీ ఇక్కడ రెండు విషయాలను విడదీయాలి. పదేపదే వాడితే ప్రమాదమా, పదేపదే వాడటం పనికిరానిదా? మళ్లీ మళ్లీ వాడినా ప్రాణాపాయం గానీ, పిల్లలు పుట్టకుండా పోవడం గానీ జరగదని ఇప్పటిదాకా ఉన్న ఆధారాలు చెబుతున్నాయి. గర్భసంచి పాడవుతుందన్నది ఊళ్లలో బలంగా ఉన్న నమ్మకం. దానికి ఆధారం లేదు. వాడకం మీద అసలు అభ్యంతరం వేరే. వేసుకున్న ప్రతిసారీ విఫలమయ్యే అవకాశం కొంత ఉంటుంది. ఏడాదిలో పదిసార్లు వేసుకుంటే ఆ కొంతలు కలిసి పెద్దవవుతాయి. రోజువారీ మాత్రతోనో, కాపర్-టితోనో పోలిస్తే ఇది ఖరీదెక్కువ, రక్షణ తక్కువ. ‘ఒంటికి విషం’ అని భయపెట్టే బదులు ఈ లెక్క చెబితే వినేవాళ్లే ఎక్కువ.

రెండో ఆందోళన, మాత్ర వేసుకున్నాం కదా అని నిశ్చింతగా ఉండి, గర్భం వచ్చినా పోల్చుకోకపోవడం. గర్భం గర్భసంచిలో కాక ట్యూబులో నిలిస్తే, సమయానికి గుర్తించకపోతే ప్రాణం మీదికి వస్తుంది. ఈ మాత్ర వల్ల ట్యూబు గర్భం ముప్పు పెరుగుతుందని తేలలేదు. కానీ మాత్ర విఫలమై గర్భం వచ్చినప్పుడు ఆ అనుమానం మనసులో పెట్టుకోవాల్సిందే. డాక్టర్ల హెచ్చరికను ఇక్కడ కొట్టిపారేయలేం.

మూడోది సుఖవ్యాధులు. ఈ మాత్ర హెచ్‌ఐవీని గానీ, మరే అంటువ్యాధిని గానీ ఆపదు. కండోమ్ ఒక్కటే ఆ పని చేస్తుంది. నాలుగోది, మనిషి దవాఖానకు వస్తే నాలుగు మంచి మాటలు చెప్పే వీలుంటుందని, షాపులో కొనుక్కుంటే అది పోతుందని. ఇందులోనూ కొంత నిజముంది. కాకపోతే కిటకిటలాడే ఓపీలో ఆ నాలుగు మాటలకు ఎన్ని నిమిషాలు దొరుకుతాయో ఓపీ వరుసలో నిలబడిన ప్రతి ఒక్కరికీ తెలుసు.

ఇక ఐదోది పైకి తక్కువగా, లోపల ఎక్కువగా వినిపించేది: సులువుగా దొరికితే పిల్లలు చెడిపోతారని. మన దేశంలో వైద్యులను, మందుల దుకాణాల వారిని అడిగి పాపులేషన్ కౌన్సిల్ పరిశోధకులు చేసిన అధ్యయనాల్లోనూ ఈ నైతిక అభ్యంతరం బయటపడింది. దీనికి వైద్యశాస్త్రం సమాధానం చెప్పింది. మాత్రను ముందే చేతికిచ్చి చూసిన అధ్యయనాలను కలిపి సమీక్షిస్తే, అలా ఇచ్చినవారిలో సుఖవ్యాధులు పెరగలేదు. మామూలు గర్భనిరోధక పద్ధతులు మానేయడమూ కనిపించలేదు. అదే సమీక్ష మాత్ర సమర్థకులకూ చేదు నిజమొకటి చెప్పింది. ముందే చేతికివ్వడం వల్ల మొత్తంగా అవాంఛిత గర్భాల సంఖ్య తగ్గలేదు. అంటే ఒక్కో మనిషికి ఇది ఆసరా అవుతుంది. సమాజం మొత్తానికి కుటుంబ నియంత్రణ పథకం కాలేదు. రెండు పక్షాలూ ఈ రెండు ముక్కలూ కలిపి చదువుకోవాలి.

అన్నట్టు, వాడేవాళ్లంతా కాలేజీ పిల్లలేనన్న ఊహ కూడా సరికాదు. పెళ్లయి, ఒకరిద్దరు పిల్లలున్న దంపతులు వీరిలో తక్కువేం కాదు.

ఇది కడుపు తీసే మాత్ర కాదు

వాదనంతా తప్పుదారి పట్టడానికి పెద్ద కారణం ఈ గందరగోళమే. చదువుకున్న ఇళ్లలో కూడా ఉంది. అండం విడుదల కాకముందే మాత్ర వేసుకుంటే, విడుదలను ఆపుతుంది లేదా వాయిదా వేస్తుంది. వీర్యకణాలు ఒంట్లో ఐదు రోజుల దాకా బతికి ఉండగలవు. ఆలోగా అండం రాకపోతే గర్భం రాదు. అంతే దీని పని. అండం అప్పటికే విడుదలైపోయి ఉంటే మాత్ర చేయగలిగింది ఏమీ లేదు. నిలిచిన గర్భాన్ని ఇది తొలగించలేదు, ఆ బిడ్డకు హానీ చేయదు. గర్భసంచికి పిండం అతుక్కోకుండా చేస్తుందన్న పాత అనుమానాన్ని అంతర్జాతీయ గైనకాలజిస్టుల సమాఖ్య ఫిగో తోసిపుచ్చింది. అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ 2022 డిసెంబరులో మందు లేబుల్ నుంచే ఆ మాట తీసేయించింది.

కడుపు తీసేవి వేరే మందులు: మిఫెప్రిస్టోన్, మిసోప్రోస్టాల్. రెండూ కలిపి కిట్‌గా అమ్ముతారు. 9 వారాల్లోపు గర్భానికి, డాక్టర్ పర్యవేక్షణలో, చట్ట ప్రకారం వాడాల్సినవి. చీటీ తప్పనిసరి. ఇప్పుడు పేర్లు చూడండి. ఒకే కంపెనీ నుంచి అన్‌వాంటెడ్-72 ఉంది, అది అత్యవసర మాత్ర. అన్‌వాంటెడ్-21 ఉంది, అది రోజువారీ మాత్ర. అన్‌వాంటెడ్-కిట్ ఉంది, అది గర్భస్రావానిది. భర్తను పంపి ‘అన్‌వాంటెడ్ తీసుకురా’ అంటే ఏది వస్తుంది? నెల తప్పిన మనిషి 72 వేసుకుంటే ఏమీ జరగదు, రోజులు మాత్రం వృథా అవుతాయి. గర్భం ఉందో లేదో, ఎన్ని వారాలో, ట్యూబులో ఉందేమో తెలియకుండా కిట్ వేసుకుంటే ఆగని రక్తస్రావంతో దవాఖానకు పరుగెత్తాల్సి రావచ్చు. డాక్టర్లు ‘మాత్రలు మింగి ప్రాణం మీదికి తెచ్చుకుంటున్నారు’ అని చెప్పే కేసుల్లో అసలు దోషి చాలాసార్లు ఈ కిట్టే. నింద మాత్రం రెంటికీ కలిపి పడుతోంది.

చీటీ పెడితే ఆగుతుందా?

దీనికి జవాబు ఆ కిట్ దగ్గరే దొరుకుతుంది. 2015లో దేశంలో 1.56 కోట్ల గర్భస్రావాలు జరిగాయని 2018లో ‘లాన్సెట్ గ్లోబల్ హెల్త్’లో వచ్చిన అధ్యయనం అంచనా వేసింది. అందులో 1.15 కోట్లు, అంటే 73 శాతం, ఆసుపత్రుల బయట మాత్రలతో జరిగినవే. చీటీ లేనిదే ఇవ్వకూడదని రాసి ఉన్న మందు సంగతి ఇది. చట్టం కాగితం మీద ఉంది, మందు చేతిలో ఉంది. అత్యవసర మాత్రకు కూడా చీటీ పెడితే తెలిసినవాళ్లకు, డబ్బున్నవాళ్లకు షాపువాడు ఇస్తూనే ఉంటాడు. అడగడానికి భయపడే మనిషికే అది దూరమవుతుంది. ఆ మనిషి మూడు వారాల తర్వాత కిట్ కోసం వస్తుంది. చీటీ వల్ల ముప్పు తగ్గడం కాదు, చిన్న ముప్పు నుంచి పెద్ద ముప్పుకు మారుతుంది.

మరో రాష్ట్రం అనుభవమూ చూడొచ్చు. తమిళనాడులో ఈ మాత్రపై రాతపూర్వక నిషేధమేమీ లేదు. అయినా ఏళ్ల తరబడి చెన్నైలో చాలా మందుల దుకాణాలు దీన్ని తెప్పించడమే మానేశాయి. అధికారుల కన్నెర్ర, పరువు మాట, గొడవ ఎందుకులే అన్న జాగ్రత్త కలిసి చట్టంలో లేని నిషేధాన్ని కౌంటర్ మీద నిలబెట్టాయి. నగరంలో ఉన్నవాళ్లు ఆన్‌లైన్‌లోనో, తెలిసిన డాక్టర్ ద్వారానో తెప్పించుకుంటారు. పల్లెలో ఉన్నవాళ్లకు ఆ వెసులుబాటు ఏది?

డాక్టర్ పరీక్ష చేస్తేగానీ ఇవ్వకూడనంత ప్రమాదం ఈ మాత్రలో ఉంటే ఇదంతా భరించాల్సిందే. కానీ లేదు. బీపీ చూడనక్కర్లేదు, స్కానింగ్ అక్కర్లేదు, లోపలి పరీక్ష అక్కర్లేదు. పాలిచ్చే తల్లీ వేసుకోవచ్చు. అందుకే చీటీ లేకుండా దీన్ని అందుబాటులో ఉంచాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ తన స్వీయ సంరక్షణ మార్గదర్శకాల్లో సిఫార్సు చేసింది. అమెరికాలో 2006లో 18 ఏళ్లు దాటినవారికి, 2013లో వయసుతో నిమిత్తం లేకుండా చీటీ తీసేశారు. మనం వాళ్లకంటే ముందే, 2005లోనే ఆ పని చేశామన్నది చాలామందికి తెలియదు.

పద్దెనిమిదేళ్లు నిండని అమ్మాయిల విషయం మరింత సున్నితం. పోక్సో చట్టం ప్రకారం విషయం తెలిసిన డాక్టర్ పోలీసులకు చెప్పి తీరాలి. ఆ భయంతో అమ్మాయి దవాఖాన గడప ఎక్కదు. ఆ బాధ్యతతో డాక్టర్ చీటీ రాయడానికి జంకుతారు. గర్భస్రావం కోరే మైనర్ల పేరు, గుర్తింపు బయటపెట్టక్కర్లేదని సుప్రీంకోర్టు 2022 సెప్టెంబరు తీర్పులో చెప్పినా, ఆ ధైర్యం కింది దాకా దిగలేదు. అత్యాచారానికి గురైన మహిళ విషయంలో మాత్రం సందేహానికే తావు లేదు. కేంద్ర ఆరోగ్య శాఖ 2014 మార్గదర్శకాల ప్రకారం ఆసుపత్రే ఈ మాత్ర ఇవ్వాలి. ప్రభుత్వ ఆసుపత్రైనా, ప్రైవేటైనా ఉచిత చికిత్సకు కాదనకూడదు.

ఆపరేషన్‌కు ముందు ఖాళీ

ఈ చర్చలో ఎవరూ పెద్దగా మాట్లాడని కోణం మన రాష్ట్రానిదే. తెలంగాణలో పెళ్లయిన మహిళల్లో 61.9 శాతం మంది కుటుంబ నియంత్రణ ఆపరేషన్ చేయించుకున్నవారే. దేశ సగటు 37.9 శాతం. ఆధునిక పద్ధతులన్నీ కలిపి వాడేవారు 66.7 శాతం. అంటే కండోమ్, రోజువారీ మాత్ర, కాపర్-టి, ఇంజెక్షన్, మగవారి ఆపరేషన్ అన్నీ కలిపినా 5 శాతానికి లోపే. ఆంధ్రప్రదేశ్‌లో ఆపరేషన్ వాటా ఇంకా ఎక్కువ, 69.6 శాతం.

దీని అర్థమేంటి? పెళ్లికీ ఆపరేషన్‌కూ మధ్య ఉన్న ఏళ్లలో చాలా జంటల చేతిలో ఏ పద్ధతీ లేదు. మన వ్యవస్థ దశాబ్దాలుగా ఆపరేషన్ క్యాంపుల మీదే నడిచింది. పిల్లల మధ్య ఎడం గురించి తీరిగ్గా కూర్చోబెట్టి చెప్పే అలవాటు మన దవాఖానలకు తక్కువ. ఆ ఖాళీలోకే అత్యవసర మాత్ర వచ్చి కూర్చుంది. దాన్ని అతిగా వాడుతున్నారని బాధపడే వైద్యులు, అంతకంటే మంచిదాన్ని ఎవరు ఎప్పుడు చేతికిచ్చారని కూడా అడగాలి. మూడు నెలలకోసారి వేసే ‘అంతర’ ఇంజెక్షన్, ‘ఛాయ’ మాత్రలు 2017 నుంచి ప్రభుత్వ కార్యక్రమంలో ఉన్నాయి. ఉచితం. మన పాఠకుల్లో ఎంతమంది వీటి పేరు విన్నారో వాళ్లే చెప్పాలి.

అత్యవసర మాత్ర కూడా షాపులోనే ఉందనుకోవద్దు. ఇంటింటికీ గర్భనిరోధకాలు చేర్చే పథకం 2011లో మొదలైనప్పుడు ఆశ కార్యకర్త దగ్గర ఈ మాత్ర ధర 2 రూపాయలు. షాపులో వంద రూపాయల అటూఇటూ. మహదేవపూర్, పలిమెల అడవి పల్లెల్లో మెడికల్ షాపు కంటే ఆశే దగ్గర. కాకపోతే ఆశ అదే వాడమనిషి, అదే బంధువర్గం. ఆమెను అడగడమంటే వీధికి చెప్పినట్టేనని జంకేవాళ్లూ ఉన్నారు. కొందరికి ఆశ మేలు, కొందరికి గోదావరి వంతెన దాటి సిరోంచలో, ఎవరూ ఎరగని షాపే మేలు. రెండు దారులూ తెరిచి ఉండాలి.

కౌంటర్ దగ్గర మాటలు

చీటీ వద్దు అంటే మాటలు వద్దు అని కాదు. వైద్యుల వాదనలో గట్టిగా నిలిచేది ఇదే. మన దగ్గర మాత్ర కాగితంలో చుట్టి, తల ఎత్తకుండా చేతిలో పెడతారు. కొన్నవాళ్లు కూడా తల దించుకుని వెళ్లిపోతారు. లోపలి కాగితం సాధారణంగా ఇంగ్లిషులో, చీమతలకాయంత అక్షరాల్లో. ఆ మూడు నిమిషాల మాట ఫార్మసిస్టు చెప్పాలి. లేదా పెట్టెలో తెలుగు కాగితమైనా ఉండాలి. వైద్య సంఘాలు చీటీ కోసం పట్టే పట్టు ఈ తెలుగు కాగితం కోసం పడితే ఎంతో బాగుంటుంది.

ఆ కాగితంలో ఉండాల్సినవి ఇవీ. వీలైనంత త్వరగా, 72 గంటల్లోపు వేసుకోవాలి. వేసుకున్న రెండు గంటల్లోపు వాంతి అయితే మళ్లీ వేసుకోవాలి. వికారం, తలనొప్పి, కొద్దిగా రక్తం కనిపించడం మామూలే, తగ్గిపోతాయి. ఇది జరిగిపోయినదానికే, రేపటికి కాదు. ఆ నెలలో మళ్లీ కలిస్తే కండోమ్ వాడాల్సిందే. నెలసరి కొన్ని రోజులు ముందూ వెనకా కావచ్చు. కానీ రావాల్సిన తేదీ దాటి వారమైనా రాకపోతే గర్భ పరీక్ష చేసుకోవాలి.

కొందరు మాత్రం డాక్టర్‌ను అడిగి తీరాలి. టీబీకి రిఫాంపిసిన్ వాడుతున్నవారు, మూర్ఛకు ఫెనిటాయిన్, కార్బమాజెపిన్ వంటివి వాడుతున్నవారిలో ఈ మాత్ర బలం తగ్గిపోతుంది, మోతాదు మార్చాలి. బరువు 70 కిలోలు దాటినవారిలోనూ పనితీరు తగ్గొచ్చు. ఇలాంటివారికి, 72 గంటలు దాటినవారికి మేలైన దారి కాపర్-టి. ఐదు రోజుల్లోపు వేయిస్తే 99 శాతానికి పైగా రక్షణ, ఆపై ఏళ్ల తరబడి మళ్లీ ఆలోచించనక్కర్లేదు. మాత్ర వేసుకున్నాక పొత్తికడుపులో ఒకవైపు తీవ్రమైన నొప్పి వచ్చినా, కళ్లు తిరిగి పడిపోయినా, నెలసరి తప్పి కొద్దికొద్దిగా రక్తం కనిపిస్తున్నా, గంట కూడా ఆగకుండా దవాఖానకు వెళ్లాలి. నెలలో రెండోసారి మాత్ర కొనాల్సి వస్తే మూడోసారికి ముందు ఏఎన్‌ఎంనో, డాక్టర్‌నో కలిసి రోజువారీ పద్ధతి ఒకటి ఎంచుకోవాలి.

భూపాలపల్లిలో 2023 నుంచి ప్రభుత్వ వైద్య కళాశాల ఉంది. మహబూబాబాద్, జనగామల్లోనూ ఉన్నాయి. అక్కడి గైనకాలజీ విభాగాలు నెలకోసారి తమ జిల్లాలోని ఫార్మసిస్టులను, ఆశలను కూర్చోబెట్టి పైన చెప్పిన నాలుగు ముక్కలు చెప్పడానికి కొత్త చట్టం అక్కర్లేదు, బడ్జెట్టూ పెద్దగా అక్కర్లేదు.